అర్హత సమయం నిర్ణయించబోయే శిష్యుడికి

చిరంజీవికి ఆశీస్సులు.

మారథాన్ ఎలైట్ (అగ్రశ్రేణి పరుగువీరుల) విభాగానికి అర్హత సమయం ఎంత ఉండాలో సూచించే బాధ్యత నీకు అప్పగించారని, ఆ అంకె ఎంత కఠినంగా ఉంటే పోటీకి అంత గౌరవమని కమిటీలో కొందరు వాదిస్తున్నారని రాశావు. ఆ వాదనతో నేను ఏకీభవించను.

2016 రియో ఒలింపిక్స్‌కు పురుషుల అర్హత సమయం 2 గంటల 19 నిమిషాలు. ఆ గీత మనవాళ్లకు అందింది కాబట్టే గోపీ తోనకల్, ఖేతారామ్ అక్కడ పరుగెత్తి, ఒక్క సెకను తేడాతో 25, 26 స్థానాల్లో నిలిచారు. 2024 పారిస్ ఒలింపిక్స్ నాటికి అది 2 గంటల 8 నిమిషాల 10 సెకన్లయింది. 1978లో జలంధర్‌లో శివనాథ్ సింగ్ నమోదు చేసిన 2 గంటల 12 నిమిషాల జాతీయ రికార్డును పారిస్ నాటికి నలభై ఏళ్లు దాటినా ఎవరూ చెరపలేకపోయిన మన దేశంలో, ఆ అంకెను చూసిన కుర్రవాడు అది తనకోసం కాదనుకుని సాధన మానేస్తాడు. పారిస్‌లో ఉన్నవి 80 చోట్లే కనుక వాళ్లకు ఆ కఠినత్వం అవసరం. పైగా ప్రపంచ ర్యాంకింగ్ ద్వారా ప్రవేశించే దారినీ వాళ్లు తెరిచే ఉంచారు. ఆ దారిని వదిలేసి అంకెను మాత్రమే అరువు తెచ్చుకోకు.

హాఫ్ మారథాన్ సమయాన్ని కూడా అర్హతగా అంగీకరించు. అమెరికాలో 2020 ఒలింపిక్ ట్రయల్స్‌కు (జట్టు ఎంపిక పోటీకి) మాలీ సైడెల్ అలాగే అర్హత పొందింది. అంతకుముందు ఒక్క మారథానూ పరుగెత్తని ఆ అమ్మాయి అట్లాంటాలో రెండో స్థానం సాధించి, మరుసటి ఏడాది టోక్యో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది.

కఠినంగా ఉండవలసింది కోర్సు, అంటే పరుగు దారి విషయంలో. 2011లో బోస్టన్‌లో జెఫ్రీ ముటాయ్ 2 గంటల 3 నిమిషాల 2 సెకన్లలో పరుగు ముగించినా, ఆ దారి పల్లం ఎక్కువ కావడంతో, మొదలూ చివరా దూరదూరంగా ఉండడంతో దాన్ని ప్రపంచ రికార్డుగా గుర్తించలేదు. కనుక అలాంటి పల్లం లేని, దూరం కొలిచి ధ్రువీకరించిన కోర్సులో వచ్చిన సమయాన్నే తీసుకో. కొలత రోజున తెల్లవారకముందే నువ్వు స్వయంగా వెళ్లు. సైకిల్ ముందు చక్రానికి బిగించి, చక్రం తిరిగిన లెక్కతో దూరం కొలిచే జోన్స్ కౌంటర్‌ను ముందుగా ఉక్కు టేపుతో కొలిచిన దూరం మీద నడిపి సరిచూశారా, మలుపుల దగ్గర అతి దగ్గరి దారినే పట్టారా అన్నది కళ్లారా చూడు.

మరొక మాట, ప్రకటించిన అంకెను మధ్యలో మార్చనివ్వకు. నా దగ్గర సాధన చేసిన ఒక కుర్రవాడు రాత్రి డ్యూటీ దిగి నేరుగా మైదానానికి వచ్చేవాడు. ఎన్నో నెలలు శ్రమించి అర్హత సమయాన్ని అందుకున్నాక, పోటీకి రెండు నెలల ముందు నిర్వాహకులు దాన్ని మూడు నిమిషాలు తగ్గించారు. ఆ కాగితం చదివి అతడు బూట్ల తాళ్లు విప్పుకుంటూ అలాగే కూర్చుండిపోయిన దృశ్యం నేను మరువలేదు. ఏడాదిన్నర ముందే ప్రకటించి, మాట మీద నిలబడండి.

అంకెను గుండుగుత్తగా పెట్టకు. గత మూడేళ్ల ఫలితాలు ముందు పెట్టుకుని, ఇరవయ్యో స్థానం నుంచి నలభయ్యో స్థానం దాకా వచ్చినవారి సమయాలను చూడు. ఏడాది కష్టపడితే వాళ్లలో సగం మందికైనా అందేచోట గీత గీయి. అడుగున కార్బన్ పలక ఉండే కొత్తతరం బూట్లు వచ్చాక సమయాలు తగ్గుతున్నాయి కనుక, రెండేళ్లకొకసారి ఆ లెక్కను మళ్లీ చేయాలి. ముసాయిదా సిద్ధమయ్యాక, సంతకాలకు ముందే నాకొక ప్రతి పంపించు.