టెంట్ కొనడానికి అప్పు చేయాలా?

ప్రశ్న: ఐదు నెలల తర్వాత మా వారు, నేను, ఎనిమిదేళ్ల పాప కారులో సముద్రం వెంబడి ఎనిమిది రోజులు తిరిగి రావాలనుకుంటున్నాం. మ్యాప్‌లో మొత్తం 1,400 కిలోమీటర్లు. ఏడు రాత్రుల్లో నాలుగు టెంట్‌లో, మూడు హోటల్లో. టెంట్, స్లీపింగ్ బ్యాగులు, స్టవ్ కొంటే పది రాత్రుల హోటల్ అద్దెంత అవుతోంది. క్యాంప్‌సైట్‌కు కట్టేది మాత్రం గది అద్దెలో మూడో వంతే. ఎలాగూ హోటల్ ఖర్చు తగ్గుతుంది కాబట్టి క్రెడిట్ కార్డు మీద కొందామంటారు మా వారు. ఎమర్జెన్సీ ఫండ్‌లోంచి తీద్దామంటాను నేను. ఏది మంచిది?

జవాబు: రెండూ వద్దండి. డబ్బు ఎక్కణ్నుంచి తేవాలని ఇద్దరూ వాదించుకుంటున్నారు గానీ, అసలు కొనాలా అని లెక్క వేసినట్టు లేరు. గది బదులు టెంట్‌లో పడుకున్న రాత్రికి మీకు మిగిలేది అద్దెలో మూడింట రెండు వంతులు. ఆ లెక్కన పెట్టిన డబ్బు రాబట్టాలంటే 15 రాత్రులు టెంట్‌లో గడపాలి. ఈ ట్రిప్‌లో నాలుగే. ఏటా ఇలాగే వెళ్లినా నాలుగో ఏడాదికి గానీ గిట్టుబాటు కాదు. అప్పటికి పాపకు పదకొండేళ్లు, ఆ టెంట్‌లో ముగ్గురూ పడతారో లేదో! పైగా టెంట్‌ను తడిగా మడిచి అటక మీద పడేస్తే లోపలి వాటర్‌ప్రూఫ్ పూత జిగురై ఊడిపోతుంది. ఈసారికి అద్దెకు తెచ్చుకోండి. ఆ నాలుగు రాత్రులూ నచ్చితే వచ్చే ఏడాది కొనుక్కోవచ్చు. తెచ్చాక ఇంటి దగ్గరే ఒకసారి వేసి చూడండి. ఇసుకలో సన్నటి మేకులు నిలవవు, వెడల్పాటివి ఉన్నాయో లేదో అడగండి.

క్రెడిట్ కార్డు సంగతికొస్తే, నెలకు 3 శాతం వడ్డీ అంటే వినడానికి చిన్నగానే ఉంటుంది. కట్టకుండా వదిలేస్తే చక్రవడ్డీతో ఏడాదికి 42 శాతం దాటుతుంది. ఇక ఎమర్జెన్సీ ఫండ్ ఉన్నది ఉద్యోగం పోతేనో, ఆస్పత్రి పాలైతేనో వాడుకోవడానికి. దాని జోలికి వెళ్లొద్దు.

మీ లెక్కలో నాకు ఎక్కువ టెన్షన్ పెడుతున్నది పెట్రోల్. మీ కారు లీటరుకు 15 ఇస్తుందనుకుందాం. 1,400 కిలోమీటర్లకు 93 లీటర్లు సరిపోతాయని రాసుకుని ఉంటారు. సముద్రం పక్క రోడ్డు మీద అలా కుదరదు. బీచ్ కనిపించినప్పుడల్లా పక్కదారి పడతారు, మళ్లీ వెనక్కి వస్తారు. అందుకే దూరానికి 20 శాతం కలపండి, 1,680 అవుతుంది. పైన లగేజీ, ఎదురుగాలి, మలుపులు, ఏసీ అన్నీ కలిసి మైలేజీని 12కు దించుతాయనుకోండి. అప్పుడు కావాల్సింది 140 లీటర్లు, అంటే మీరనుకున్నదానికి ఒకటిన్నర రెట్లు.

ఆగిన చోటల్లా జేబుకు చిల్లే. పార్కింగ్, లైట్‌హౌస్ టికెట్, పడవ షికారు, పాప అడిగే గవ్వల దండ, విడివిడిగా చూస్తే ఏదీ పెద్దది కాదు. రోజుకు ఒక్కటే డబ్బు పెట్టే స్టాప్ అని ముందే అనుకోండి. సూర్యాస్తమయానికి టికెట్ లేదు కదా. పాపకు తన వాటా తనకే ఇచ్చేయండి, బేరాలాడటం కూడా నేర్చుకుంటుంది.

అన్నీ కూడాక పైన 15 శాతం విడిగా పెట్టుకోండి. వాన పడితే ఒక రాత్రి టెంట్ మానేసి గది తీసుకోవాల్సి రావచ్చు. నేనోసారి ఫొటో కోసం కారును తడి ఇసుకలోకి దింపాను. లాగించడానికి అయిన ఖర్చు రెండు రాత్రుల గది అద్దె కంటే ఎక్కువే. బయలుదేరే ముందు మీ కారు ఇన్సూరెన్స్‌లో టోయింగ్ ఉందా, ఇంజిన్‌లోకి నీళ్లు వెళితే క్లెయిమ్ వస్తుందా, ఈ రెండూ చదవండి.

ఆ 15 శాతంతో కలిపి తేలిన మొత్తం ఖర్చును ఐదుతో భాగించి, జీతం పడిన రోజే వేరే ఖాతాలోకి వెళ్లేలా పెట్టండి. ఐదు నెలల్లో వాడే డబ్బు కాబట్టి షేర్ల వైపు చూడొద్దు. చివరికి ఎనభై శాతమే కూడితే ఆరు రోజులకే వెళ్లి రండి. ఇది మా వారికి నచ్చదని మీరు రాస్తారని తెలుసు, గదులు బుక్ చేసేటప్పుడు ఉచితంగా రద్దు చేసుకునే గడువు చూసుకుంటే ఆ నిర్ణయం చివరిదాకా వాయిదా వేసుకోవచ్చు.

తిరిగొచ్చాక కారు అడుగుభాగం మంచినీళ్లతో కడిగించే ఖర్చు కూడా రాసుకోండి. ఉప్పు అలాగే వదిలేస్తే తుప్పు పడుతుంది.