రెండో మనిషి దొరికాకే మేనేజర్ దగ్గరికి వెళ్లు

చిరంజీవి అమ్మలుకు,

మామయ్య ఆశీస్సులు. మొన్న ఫోన్లో నువ్వు గుక్క తిప్పుకోకుండా చెప్పిందంతా విన్నాను. 40 నిమిషాలు నడిచే పైథాన్ స్క్రిప్టును శని, ఆదివారాలు కూర్చుని నిమ్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాస్తే 2 నిమిషాల్లో అయిపోయిందన్నావు. ఆ ఊపులో బిల్లింగ్ మొత్తాన్ని నిమ్‌లోకి మార్చేద్దామని మేనేజర్‌కి మెయిల్ కూడా రాసి పెట్టుకున్నావు. అది ఇప్పుడే పంపకు. (పక్కనే వింటున్న మీ అత్తయ్య, నిమ్ అంటే హిందీ ‘నీమ్’ అనుకుని, వేపచెట్టుకీ బిల్లింగ్‌కీ సంబంధమేమిటని అడిగింది. ఇంకా వివరించలేదు.)

ముందు ఒకటి తేల్చుకో. ఆ 40 నిమిషాలూ తిన్నది పైథానేనా? ఎక్కడ ఎంత సమయం పడుతోందో చూపే ప్రొఫైలర్ పెట్టి చూశావా? ప్రతి లైనుకీ డేటాబేస్ దగ్గరికి వెళ్లొచ్చే స్క్రిప్టు ఏ భాషలో రాసినా నత్తనడకే. రెండోసారి రాసేటప్పుడు మనకు తెలియకుండానే పాత తప్పులు సర్దేస్తాం, పేరేమో కొత్త భాషకు పోతుంది.

నిమ్ మంచిది కాదని నేననను. చూడ్డానికి పైథాన్‌లా ఉంటుంది, లోపల సీ భాష కోడ్‌గా మారుతుంది, చివరికి నేరుగా నడిచే ఒక్క ఫైలు, అంటే బైనరీ, చేతికొస్తుంది. సర్వర్ మీదికి కాపీ చేస్తే చాలు. నాకూ అందుకే నచ్చింది. కానీ ఆండ్రియాస్ రంప్ఫ్ దాన్ని 2005లో మొదలుపెడితే 1.0 వెర్షన్ రావడానికి 2019 సెప్టెంబరు దాకా పట్టింది. నేను అంతకు ముందే దిగాను. 2018లో 0.19 వచ్చినప్పుడు, స్ట్రింగులూ (అక్షరాల వరసలు) సీక్వెన్సులూ (జాబితాలు) ఇకమీదట నిల్, అంటే అసలు విలువే లేని స్థితి, కావన్నారు. సరైన నిర్ణయమే. అయితే మా కోడ్‌లో ‘ఖాళీగా ఉంది’ వేరు, ‘అసలు రాలేదు’ వేరు. ఆ తేడా అంతా నిల్ మీదే నిలబెట్టాను. పాత పద్ధతి కొన్నాళ్లు నడుపుకోవడానికి కంపైలర్‌కి చెప్పే ఒక స్విచ్ (ఫ్లాగ్) ఇచ్చారు గానీ, దాన్ని నమ్ముకుని ఎన్నాళ్లు కూర్చుంటాం? మూడు వారాలు ఆ పనే చేశాను. పైవాళ్లకు చెప్పడానికి కొత్త ఫీచర్ ఒక్కటీ లేదు.

అది సరే, నన్ను నిజంగా ముంచింది వేరే ఉంది. ఆ ప్రోగ్రాం రాసిందీ నేనే, చదవగలిగిందీ నేనే. మోకాలి ఆపరేషనని 20 రోజులు సెలవు పెట్టాను. నాలుగో రోజు రాత్రి, బయటి నుంచి వచ్చే ఫైల్లో ఒక కాలమ్ పక్కకి జరిగింది. ప్రోగ్రాం ఆగిపోయింది. దిద్దాల్సింది ఒక్క లైను. ఫోన్ చేస్తే నేను మందుల మత్తులో ఉన్నాను. తెల్లారేసరికి టీమ్‌లో ఒక కుర్రాడు దాన్నంతా పైథాన్‌లో తిరగరాసేశాడు. నేను కుంటుకుంటూ వెళ్లేసరికి మూడేళ్ల పని ‘పాతది’ అన్న ఫోల్డర్లో పడి ఉంది. అప్పుడు ఆ కుర్రాడి మీద మండిపోయాను. ఇప్పుడు మాత్రం వాడి తప్పేమీ కనబడదు. నాలుగు సాయంత్రాలు పక్కన కూర్చోబెట్టుకుని చూపించి ఉంటే సరిపోయేది. నా ఒక్కడికే వచ్చునన్న ముచ్చట తీరాలి కదా, చూపించలేదు.

అందుకని, మేనేజర్‌ని ఒప్పించే ముందు పక్క సీటులో ఒకరిని ఒప్పించు. ‘బాగుంది’ అంటే ఒప్పుకున్నట్టు కాదు. నీ కోడ్‌లో ఒక బగ్ కావాలనే పెట్టి, నువ్వు నోరు విప్పకుండా ఉండు. అవతలి మనిషి కంపైల్ చేసి, కనిపెట్టి, దిద్ది, సర్వర్‌కి ఎక్కించగలిగితే అప్పుడు నీకు తోడు దొరికినట్టు. ఎవరూ దొరక్కపోతే ఆ స్క్రిప్టు నీ లాప్‌టాప్‌లోనే ఉండనీ.

దొరికితే, బిల్లింగ్ జోలికి పోకుండా ఆ ఒక్క స్క్రిప్టుతోనే మొదలుపెట్టు. సీఎస్‌వీ (కామాలతో విడదీసిన మామూలు డేటా ఫైలు) లోపలికి, సీఎస్‌వీ బయటికి. అలా ఉంటే ఏ రోజైనా దాన్ని పీకేసి ఇంకోటి పెట్టుకోవచ్చు. పైథాన్ లోపల్నుంచే పిలవాలనుకుంటే ‘నిమ్‌పై’ అనే లైబ్రరీతో మాడ్యూల్‌గా కట్టొచ్చు. నిమ్ మూలనపడినా సీ కోడ్ మిగులుతుందిగా అని ఎవరో నీకు ధైర్యం చెప్పారన్నావు. ఒకసారి ఆ సీ కోడ్ పడే నిమ్‌క్యాష్ ఫోల్డర్ తెరిచి ఒక్క ఫైలు చదివి చూడు, ఆ ధైర్యం ఎంతసేపు నిలుస్తుందో తెలుస్తుంది. అది కంపైలర్ కోసం పుట్టిన కోడ్, మనుషులు దిద్దుకునేది కాదు.

లైబ్రరీల సంగతి. పైథాన్‌లో లాగా పేరు చూసి ఇన్‌స్టాల్ చేసేయకు. ఆఖరి కమిట్ (కోడ్‌లో చేర్చిన మార్పు) ఎప్పటిది, చూసుకునేవాళ్లు ఎంతమంది, తెరిచి ఉన్న ఇష్యూలకు జవాబు వస్తోందా, ఇవన్నీ చూడు. చాలావాటి వెనక ఒక్క మనిషే ఉంటాడు. ఆయనకూ ఉద్యోగం, పిల్లలు ఉంటారు. వాడే ప్రతిదానికీ ఒక కాపీ మీ సర్వర్లో పెట్టుకో, లైబ్రరీల వెర్షన్లు మారకుండా పట్టి ఉంచే నింబుల్ (నిమ్ ప్యాకేజీ మేనేజర్) లాక్ ఫైల్ కోడ్‌తో పాటే కమిట్ చెయ్యి, కంపైలర్ వెర్షన్ కూడా రాసి పెట్టు. 2023లో 2.0 వచ్చినప్పుడు డేటాబేస్ మాడ్యూళ్లు స్టాండర్డ్ లైబ్రరీలోంచి వేరే ప్యాకేజీలోకి వెళ్లిపోయాయి. మెమరీని చూసుకునే పద్ధతి కూడా మారి ఓఆర్‌సీ అనే కొత్త పద్ధతి డిఫాల్ట్ అయింది. పాత ఉదాహరణ కాపీ కొట్టి, ఎందుకు నడవడం లేదని తల పట్టుకునేది అందుకే. మీరు వాడే ఏఐ పరికరాలు కూడా ఇక్కడ బోల్తా పడతాయి. పైథాన్ పోలిక చూసి లేని ఫంక్షన్లను ధైర్యంగా రాసేస్తాయి.

ఇంకోటి. నిమ్‌కి మొదటి అక్షరం తప్ప మిగతా చోట్ల పెద్దక్షరం, చిన్నక్షరం, అండర్‌స్కోర్ తేడా లేదు. ఒకే వేరియబుల్‌ని నువ్వొకలా, అవతలి మనిషి ఇంకోలా రాయొచ్చు. ఫైళ్లలో పదాలు వెతికే మామూలు గ్రెప్‌తో వెతికితే సగమే దొరుకుతుంది. మొదటి రోజే, పేర్లు ఒకేలా రాశారో లేదో చూసే స్టైల్‌చెక్‌ని ఎర్రర్‌గా పెట్టేయండి. కస్టమర్ల విండోస్ మెషీన్లలో పెట్టే పనుంటే యాంటీవైరస్‌తో ముందే పరీక్షించు. మాల్వేర్ రాసేవాళ్లకూ ఈ భాష నచ్చింది. అందుకని ఏ పాపం ఎరగని ప్రోగ్రాంలను కూడా యాంటీవైరస్ అనుమానిస్తుంది.

ఉద్యోగం మారేటప్పుడు పనికొస్తుందా అని అడిగావు. నిమ్ వచ్చినవాళ్లు కావాలన్న ప్రకటన హైదరాబాద్‌లో నా కంటపడలేదు. ఆ లెక్కతో అయితే నేర్చుకోవద్దు.

ఆదివారం పొద్దున్నే ఫోన్ చెయ్యి. ఆ స్క్రిప్టు తెరిచి పెట్టుకో, పక్కన ఆ రెండో మనిషిని కూడా కూర్చోబెట్టుకో. కోడ్ నువ్వు చెప్పకు, ఆ మనిషి చెబితే వింటాను.

ఇట్లు,
మామయ్య