పదో తరగతి బ్యాచ్ మళ్లీ కలవాలంటే

ప్రశ్న: మేడమ్, మాది మంచిర్యాల వైపు ఊళ్లో జిల్లా పరిషత్ హైస్కూల్, 2020 టెన్త్ బ్యాచ్, పదకొండు మందిమే. ఆరో క్లాస్ నుంచి కలిసే చదివాం. తెలుగు, హిందీ పేపర్లు అయ్యాక లాక్‌డౌన్ వచ్చింది, ఫేర్‌వెల్ కూడా లేదు. ఇప్పుడు కలుద్దామంటే కొందరు వెనకాడుతున్నారు.

జవాబు: తప్పకుండా కలవండమ్మా. ఆ జూన్‌లో మిగతా పరీక్షలు రద్దు చేసి ఇంటర్నల్ మార్కులతోనే గ్రేడ్లిచ్చేశారు, మీకు చివరి రోజన్నదే లేకుండా పోయింది, నాకు నిజంగా బాధేస్తుంది. పదకొండు మందిలో ఒక్కరు రాకపోయినా వెలితే కాబట్టి ఫంక్షన్ హాలు, ఫ్లెక్సీలంటూ వేలల్లో చందా అడగొద్దు, చేతిలో డబ్బుల్లేనివాళ్లు ఆగిపోయేది అక్కడే. బడి ఆవరణలోనే, హెడ్మాస్టర్‌గారిని అడిగి, ఇంటి నుంచి టిఫిన్లు తెచ్చుకుని కూర్చోండి. పెళ్లయిన అమ్మాయిలకి వాట్సాప్ మెసేజ్ చాలదు, ఫోన్ చేసి పిలవండి, బతుకమ్మకి పుట్టింటికొస్తారుగా, అప్పుడే పెట్టుకోండి.