డాబా మీద సినిమాకు ప్రొజెక్టర్ కొనే ముందు

ఒరేయ్ చిన్నా,

మొన్న ఫోన్‌లో ప్రొజెక్టర్ కొంటానన్నావు కదా, కొత్త ఇంటికి డాబా ఉంది, నెలకో శనివారం అందరం పైన కూర్చుని సినిమా చూద్దాం బాబాయ్ అని. విన్నప్పటి నుంచీ నాకూ ఉత్సాహంగా ఉంది. ఆర్డర్ పెట్టే ముందు మాత్రం ఇది చదువు.

నేను మొదట కొన్నదాని డబ్బా మీద 9000 ల్యూమెన్స్ (వెలుగు కొలత) అని పెద్ద అక్షరాలతో ఉంది. రామ్మూర్తి నగర్‌లో మా డాబా మీద పెట్టాం, పక్కింటి మెట్ల లైటు వెలిగితే చాలు, బొమ్మ వెలిసిపోయేది. మీ నాయనమ్మ కళ్లకు ముఖాలు ఆనక పావుగంటకే కిందికి దిగి పడుకుంది. ఆవిడ కోసమే వేసిన సినిమా అది, నాకు ఇప్పటికీ బాధే. ఒట్టి ల్యూమెన్స్ అంకెను నమ్మకు. ఆన్సీ ల్యూమెన్స్ గానీ అలాంటిదే ఇంకో ప్రమాణమైన ఐఎస్ఓ ల్యూమెన్స్ గానీ ఎంతో చూడు. ఆన్సీ అంటే తెల్ల తెర మీద తొమ్మిది చోట్ల వెలుతురు కొలిచి సగటు కట్టే లెక్క. అది ఎక్కడా రాయలేదా, ఆ వస్తువు వదిలెయ్.

ఎన్ని కావాలంటే, నువ్వు వేసే తెరను బట్టి. సినిమా హాల్లో తెర వెలుగుకు ప్రమాణం చదరపు మీటరుకు 48 క్యాండెలాలు. 300 ఆన్సీ ల్యూమెన్స్ మెషీన్‌తో మామూలు తెల్ల తెర మీద మూల నుంచి మూలకు 80 అంగుళాల బొమ్మ వేస్తే ఆ మాత్రం వస్తుంది, 100కి పెంచితే 35 దగ్గరికి పడిపోతుంది, 150 అంగుళాలు వేశావంటే 15. అదీ చుట్టూ చీకటిగా ఉంటే. బెంగళూరులో వీధి లైట్లు, ఎదురు అపార్ట్‌మెంట్ బాల్కనీలు, చీకటి ఎక్కడిది? అందుకే 400, 500 ఆన్సీ ఉన్నది తీసుకుని 80 అంగుళాల దగ్గరే ఆగు. పిల్లలు పెద్ద తెర కావాలని గోల చేస్తారు, అయినా ఒప్పుకోకు.

'1080పి సపోర్ట్' అని రాస్తే మోసపోకు, అంటే ఆ వీడియోను తీసుకుంటుందనే, అంత వివరంగా చూపిస్తుందని కాదు. 'నేటివ్', అంటే మెషీన్ నిజంగా చూపే చుక్కల లెక్క, ఎంతో అడుగు. ఇక దూరం. త్రో రేషియో, అంటే తెర దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చే అంకె, 1.2 అయితే 80 అంగుళాల బొమ్మకు సుమారు 7 అడుగుల వెనక్కి పెట్టాలి, కాబట్టి నీళ్ల ట్యాంకు, బట్టల తీగలు పోను మిగిలిన జాగా టేపుతో కొలుచుకో. మెషీన్‌ని తెరకు ఎదురుగా తిన్నగా పెట్టు. పక్కన పెట్టి, వంకరను దిద్దే కీస్టోన్ సెట్టింగుతో సరిచేస్తే బొమ్మ నలుచదరం అవుతుంది గానీ వెలుగూ స్పష్టతా కొంత పోతాయి. తెరకు దుప్పటి ఒక్క పొర చాలదు, వెలుగు వెనక్కి దూరిపోతుంది. తెల్ల సున్నం వేసిన గోడ ఉంటే అదే మేలు.

బ్యాటరీ ఉన్నదే కావాలన్నావు. మన సినిమాలు రెండున్నర గంటలకు తగ్గవు, చాలా మెషీన్ల బ్యాటరీ అంతసేపు రాదు, పైగా బ్యాటరీ మీద నడిచేటప్పుడు వెలుగు తగ్గించేస్తాయి. 20000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ ఉందిగా అంటావేమో, అందులో ఉండేది 74 వాట్ అవర్లు, 60 వాట్ల మెషీన్‌కు గంట వస్తే గొప్ప. బ్యాటరీకి పెట్టే డబ్బు వెలుగుకు పెట్టు. మెట్ల గది నుంచి మంచి ఎక్స్‌టెన్షన్ బాక్స్ లాగు, నేల తడిగా ఉంటే మాత్రం ఆ రోజు సినిమా వద్దు, చిన్నపిల్లలు వట్టికాళ్లతో తిరుగుతారు.

స్పీకర్‌కు వైరే వాడు, బ్లూటూత్‌లో పెదవి కదిలాక మాట వినిపిస్తుంది. రాత్రి 10 దాటితే బయట లౌడ్‌స్పీకర్లకు అనుమతి లేదు. మే నెలలో ఇక్కడ పొద్దు 6:40కి గూకుతుంది, 7:10కి మొదలుపెడితే పదిలోపు అయిపోతుంది. డిసెంబరులో ఆరున్నరకే మొదలుపెట్టొచ్చు, కానీ మంచు పెద్దవాళ్లకు పడదు, శాలువాలు పెట్టుకోండి.

ఆన్‌లైన్‌లో తొందరపడకు. వచ్చే శనివారం ఇప్పుడు నా దగ్గరున్నది తెస్తాను, మీ డాబా మీద వేసి చూసుకున్నాకే కొను. నాయనమ్మ కూడా వస్తానంటోంది, వీపు ఆనుకునే కుర్చీ ఒకటి పైకి చేర్చి ఉంచు.

మీ బాబాయ్