ఎంత చల్లబరిచినా ఫెర్మియాన్లు ఎందుకు దగ్గరకు చేరవు?
ఒంగోలులో డిగ్రీ చదివే విద్యార్థి అడిగిన ప్రశ్న ఇది: ఉచ్చులో బంధించిన పరమాణువులను పరమశూన్యం దగ్గరకు చల్లబరిస్తే అన్నీ అట్టడుగు శక్తిస్థాయికి చేరాలి కదా, కొన్ని ఎందుకు చేరవు?

మీ ఊరి గిత్తలనే తీసుకోండి. రెండూ తెల్లగా ఒకేలా ఉన్నా రైతు వాటిని విడివిడిగా గుర్తుపడతాడు. ఒకే రకం క్వాంటమ్ కణాలకు ఆ వేరు గుర్తింపు అసలు ఉండదు. రెండింటిని అటూ ఇటూ మార్చినప్పుడు వాటి స్థితిని వర్ణించే గణిత ప్రమేయం (తరంగ ప్రమేయం) మారకపోతే అవి బోసాన్లు. దాని ముందు మైనస్ చేరితే ఫెర్మియాన్లు. ఒకే స్థితిలో రెండు ఫెర్మియాన్లను ఉంచి చూడండి: ప్రమేయం తన రుణాత్మక విలువకే సమానం కావాలి, అంటే సున్నా. అలాంటి అమరిక సాధ్యం కాదన్నమాట; ఒక్కో స్థితిలో ఒక్క ఫెర్మియానే ఉండగలదు. ఇది వికర్షణ బలం కాదు, చాలామంది పొరబడేది ఇక్కడే.

స్ప్రింగు వంటి ఏకమితీయ ఉచ్చులో, పరస్పర బలాలు లేని 10 కణాలకు లెక్క కట్టండి. శక్తి మెట్ల మధ్య ఎడం 1 అయితే అడుగు మెట్టు శక్తి 1/2. బోసాన్లన్నీ అడుగు మెట్టు మీదే చేరతాయి, మొత్తం 5; ఒకే స్పిన్ (కణానికి సహజంగా ఉండే ఒక క్వాంటమ్ గుణం) ఉన్న ఫెర్మియాన్లు మెట్టుకొకటి చొప్పున నిలవాలి, మొత్తం 50!

2001లో లిథియం-7 (బోసాన్), లిథియం-6 (ఫెర్మియాన్) పరమాణువులను ఒకే ఉచ్చులో చల్లబరిచారు. బోసాన్ల మేఘం కుంచించుకుపోతూనే ఉంది, ఫెర్మియాన్లది ఒక పరిమాణం దగ్గర నిలిచిపోయింది.