బీరువాలో ఉన్న పుస్తకం

ప్రశ్న: నాకు 49 ఏళ్ళు. రాజమండ్రిలో టీచర్‌ని. ఏడాదిగా ఆత్మకథలు తప్ప ఇంకేమీ చదవాలనిపించడం లేదు. ఇప్పటికి పదకొండు చదివాను. కొండపల్లి కోటేశ్వరమ్మ గారి ‘నిర్జన వారధి’ చదివాక నాలుగు రోజులు అన్నం సయించలేదు. క్లాసులో పాఠం చెబుతుంటే కళ్ళనీళ్ళు వచ్చేశాయి. ‘ఎవరి కష్టాలో చదివి నీకెందుకీ టెన్షన్, మానెయ్’ అంటారు మావారు. నాన్న పోయి మూడేళ్ళయింది. అమ్మ ఊళ్ళో తమ్ముడి దగ్గర ఉంటోంది. ఆవిడ కూడా ఏదో రాసుకుని, రెండు లాంగ్ నోట్‌బుక్కులు పాత చీర ముక్కలో చుట్టి పోయిన సంక్రాంతికి నా చేతిలో పెట్టింది. పైపైన తిరగేశాను. రెండోదాని అట్ట లోపలివైపు కూడా రాసేసింది. ‘అమ్మ రచయిత్రి అయిపోయింది’ అని తమ్ముడు నవ్వితే నేనూ నవ్వాను. తీరిక లేక ఇంకా చదవలేదు, అలాగే బీరువాలో ఉన్నాయి. నేనీ పుస్తకాలు మానెయ్యాలా? ఇదేమైనా జబ్బా?

నాన్న మంచాన ఉన్న ఆర్నెల్లలో పరీక్షల డ్యూటీల వల్ల రెండుసార్లే వెళ్ళగలిగాను. అమ్మ అవన్నీ రాసిందేమో.

జవాబు: జబ్బు కాదు. మానక్కర్లేదు. పుస్తకం చదివి ఏడవడం తప్పని మీవారికి ఎవరు చెప్పారో గానీ, ఆ మాట పట్టించుకోకండి. వారాల తరబడి నిద్ర పట్టకపోతే మాత్రం డాక్టరుకి చూపించుకోండి. మీరడిగినదానికి నా జవాబు ఇంతే.

నన్ను పట్టుకున్నది ‘తీరిక లేక’ అన్న మాట. పదకొండు పుస్తకాలకు దొరికిన తీరిక రెండు నోట్‌బుక్కులకు దొరకలేదా అమ్మా? సంతకం పెట్టేశాక, కాగితం అడుగున ఇరికించి రాసిన ఆ రెండు వాక్యాలే మీ అసలు ఉత్తరం. పైనున్నదంతా దాన్ని కప్పడానికి రాసిందే.

కోటేశ్వరమ్మ గారి కోసం మీరు ఏడ్చారు. ఎవరైనా ఏడుస్తారు. ఊహ తెలియని వయసులో పెళ్ళి, వైధవ్యం. మళ్ళీ పెళ్ళి, కమ్యూనిస్టు ఉద్యమం, అజ్ఞాతవాసం. తర్వాత భర్త వదిలి వెళ్ళిపోతే చదువుకుని, కాకినాడలో హాస్టల్ మేట్రన్‌గా పనిచేసి తన కాళ్ళ మీద తను నిలబడ్డారు. కొడుకునీ కూతుర్నీ పోగొట్టుకున్నారు. 2012లో ఆ పుస్తకం వచ్చేనాటికి ఆవిడకు తొంభై దాటాయి. అన్నేళ్ళు కడుపులో దాచుకున్నది అప్పటికి బయటపెట్టారు. ఆ పేజీల్లో మీకు కనిపిస్తున్నది మీ అమ్మే. కోటేశ్వరమ్మ గారి పుస్తకంలో మీ పేరు ఉండదు కాబట్టి ధైర్యంగా ఏడవగలిగారు. అమ్మ పుస్తకంలో ఉంటుంది. అదీ మీ భయం.

మీరుండేది రాజమండ్రి కాబట్టి ఒకటి గుర్తుచేస్తాను. 1881 డిసెంబరులో వీరేశలింగం గారు మీ ఊళ్ళో తొలి వితంతు వివాహం చేయించినప్పుడు ఊరు వాళ్ళని వెలేసింది. వంటవాళ్ళు రాలేదు, నీళ్ళు మోసేవాళ్ళూ రాలేదు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గారే గోదావరి నుంచి బిందెలతో నీళ్ళు మోసి, వచ్చినవాళ్ళందరికీ వండిపెట్టారు. ఆయన స్వీయచరిత్ర రాసుకున్నారు. ఆవిడ రాయలేదు. ఆ బిందె ఎత్తుకుంటున్నప్పుడు ఆవిడ మనసులో ఏముందో ఇక మనకెవరు చెబుతారు? మీ అమ్మ రాసింది. రాసి, కొడుకుకి ఇవ్వకుండా వెతుక్కుని మీ చేతిలో పెట్టింది. కొడుకు నవ్వుతాడని ఆవిడకు ముందే తెలుసు. మీరు నవ్వుతారని అనుకుని ఉండదు.

నాకు కోపంగానే ఉంది, దాచను. కన్నతల్లి మనసు విప్పి చేతికిస్తే చీర ముక్కతో సహా బీరువాలో పెట్టడం నా దృష్టిలో తప్పే.

మా అమ్మ ఇలాంటివేమీ రాయలేదు. ఆవిడ పోయాక పాల పద్దు పుస్తకం ఒకటి దొరికింది. అన్నీ లీటర్లూ రూపాయలూ. నేను పెళ్ళయి వచ్చేసిన మర్నాటి తేదీ దగ్గర మాత్రం పెన్సిల్‌తో, ‘అమ్మాయి వెళ్ళింది. రేపట్నించి అర లీటరు చాలు’ అని ఉంది. దాని గురించి ఆవిడని అడగాలంటే నాకిప్పుడు దారి లేదు. మీకుంది.

అమ్మ మిమ్మల్ని నిష్ఠూరంగా రాసి ఉండొచ్చు. రెండుసార్లే వచ్చిందని రాసిందే అనుకోండి, అది నిజమే కదా? నిజం రాసినందుకు ఆవిడ మీద అలగకండి. ‘డ్యూటీలమ్మా, హెడ్మాస్టరు సెలవివ్వలేదమ్మా’ అని మొదలుపెట్టకండి. ‘రాలేకపోయానమ్మా, వచ్చి ఉండాల్సింది’ అంటే చాలు. నాన్న గురించి మీకు తెలియని సంగతి ఏదైనా ఉంటే, ‘నాన్న అలాంటివాడు కాదు’ అని వాదించకండి. ఆయన మీకు నాన్న, ఆవిడకు మొగుడు. ఆయనతో కాపురం చేసింది ఆవిడ.

ఒంటరిగా ఇంట్లో కూర్చుని చదవొద్దు. రెండు రోజులు సెలవు పెట్టి ఊరెళ్ళండి. తమ్ముడు పనికి వెళ్ళాక, మధ్యాహ్నం అమ్మ పక్కన కూర్చుని మొదటి పేజీ పైకి చదవండి. టీచర్లు కదా, ఎర్ర పెన్ను సంగతి ముందే చెబుతున్నాను: ఒత్తులూ దీర్ఘాలూ దిద్దొద్దు. గొంతు పూడుకుపోతే ఆపండి, మర్నాడు చదవొచ్చు. ఎవరెవరు చదవొచ్చో అమ్మనే అడగండి. అప్పటిదాకా పేజీ ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టే పని చెయ్యొద్దు. తమ్ముడు మళ్ళీ వెక్కిరిస్తే ఈసారి నవ్వకుండా, ‘నేను చదివాను, నువ్వూ అడిగి చదువు’ అనండి. అమ్మ వింటుండగానే అనండి.

ఇంకొకటి. అట్ట లోపల కూడా రాసేసిందన్నారు. ఆవిడకు చోటు చాలలేదన్నమాట. వెళ్ళేటప్పుడు కొత్త లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొని పట్టుకెళ్ళండి.