గీత కొండ కాదు

అమ్మాయీ,

స్థానం–కాలం గ్రాఫుల మీద, అంటే ఏ క్షణాన మనిషి ఎంత దూరంలో ఉన్నాడో చూపే గీతల మీద, నువ్వు రాసిన పాఠం చదివాను. భాష తేలిగ్గా ఉంది. కానీ మూడో పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "గీత పైకి లేస్తోంది కాబట్టి రాజు మెట్ట ఎక్కుతున్నాడు" అన్నావు. తొమ్మిదో తరగతి పిల్లలు సరిగ్గా ఇక్కడే పడతారు, గ్రాఫును బొమ్మ అనుకుని. చెయ్యిచ్చి లేపాల్సినదానివి, నువ్వే తోసేశావు.

నీ రాజు నడిచేది చదునైన రోడ్డు మీదే. గీత పైకి లేస్తే ఇంటికి దూరమవుతున్నాడని, దిగితే ఇంటివైపు తిరిగాడని. అడ్డంగా సాగితే వాడు నిలబడ్డాడు, కాలం మాత్రం నడుస్తోంది.

ఇంకోచోట "రెండు గీతలు కలిసిన చోట వేగాలు సమానం" అని రాశావు. ఇది చూసి మా బాబాయి గుర్తొచ్చారు. ఆయన బెజవాడలో రైల్వే సెక్షన్ కంట్రోలరు, అంటే ఏ బండి ఎక్కడ ఆగాలో, ఎప్పుడు కదలాలో చెప్పే మనిషి. ఇంటర్లో ఫిజిక్స్ తప్పి ముఖం దాచుకుని తిరుగుతున్న నన్ను ఒకరోజు ఆఫీసుకు తీసుకెళ్లారు. టేబుల్ నిండా పరిచిన చార్టు. అడ్డంగా గంటలు, నిమిషాలు. నిలువునా స్టేషన్లు. బండి దాటిందని ఫోన్లో చెప్పగానే ఒక చుక్క పెట్టి, పాత చుక్కతో కలుపుతూ పెన్సిల్‌తో గీత గీసేవారు. ఎక్స్‌ప్రెస్ గీత నిటారుగా, గూడ్సు గీత పడుకున్నట్టుగా ఉండేవి. గుడివాడ మీదుగా భీమవరం వెళ్లేది అప్పట్లో సింగిల్ లైను. ఎదురెదురు బళ్ల గీతలు కలిసిన చోట వేలు పెట్టి, "ఇది ఎప్పుడూ స్టేషన్ దగ్గరే పడాలిరా. మధ్యలో పడిందంటే ఒకే పట్టా మీద, ఒకే క్షణాన రెండు బళ్లు" అన్నారు. నా ఒళ్లు జలదరించింది. ఆ కలిసిన చోట ఒక బండి స్టేషన్లోని పక్క పట్టా మీద, లూప్ లైన్లో, ఆగి ఉంది, రెండోది దూసుకుపోతోంది. వేగాలు సమానమెలా అవుతాయి? వేగం ఉండేది గీత వాలులో, అంటే అది ఎంత నిటారుగా ఉందన్నదానిలో.

అందుకే చెబుతున్నాను, ముందు పిల్లల్ని నడిపించు. వరండాలో మీటరుకో సుద్దగీత గీయి. ఒకరు సెకన్లు లెక్కపెట్టాలి. 4 సెకన్లలో 4 మీటర్లు నడవాలి, 3 సెకన్లు ఆగాలి, 2 సెకన్లలో మొదటి గీతకు వచ్చెయ్యాలి. తర్వాతే గ్రాఫు కాగితం. వెళ్లేటప్పుడు వేగం సెకనుకు 1 మీటరు, వచ్చేటప్పుడు మైనస్ 2. ఆ మైనస్ ఎందుకో వేరే చెప్పక్కర్లేదు, వాళ్ల కాళ్లకే తెలుసు.

నా మొదటి పుస్తకంలో ఈ నడక రెండు పేజీలు రాశాను. సంపాదకుడు అదంతా కొట్టేసి, "గుర్తుంచుకోండి: వాలు = వేగం" అని రంగు డబ్బా ఒకటి వేశాడు. ముప్పై ఏళ్లయినా నా కడుపుమంట చల్లారలేదు. ఇప్పుడు ఏ గైడు తెరిచినా అవే డబ్బాలు. అవి బట్టీ పట్టిన పిల్లాడు వేగం–కాలం గ్రాఫు ఇచ్చినా వాలు వేగమే అంటాడు. అక్కడ అది త్వరణం, వేగం ఎంత త్వరగా మారుతోందన్నది కదా! నీ పాఠంలో అలాంటి డబ్బాలు నాలుగున్నాయి. నాలుగూ తీసెయ్.

మూడో పేజీ మళ్లీ రాసి పంపు. బ్రేకు వేసిన ఆటో గీత మెల్లగా వంగి చదునైపోయే పేరా మాత్రం ముట్టుకోకు. ఇన్నేళ్లలో అది నాకు తట్టలేదు.

ఆశీస్సులతో,
మాస్టారు